చిన్న మిట్ట ఫ్రీవేని ఎలా ఆపేస్తుంది?

ప్రశ్న క్లుప్తంగా ఇది: యాక్సిడెంట్ లేదు, రోడ్డు పనులు లేవు, లేన్లు తగ్గలేదు. అయినా ఫ్రీవే మీద రెండు మూడు శాతం వాలున్న (అంటే వంద మీటర్లకు రెండు మూడు మీటర్లు లేచే) ఓ మాదిరి మిట్ట దగ్గర, రోజూ అదే చోట, ట్రాఫిక్ ఎందుకు నిలిచిపోతుంది? ఇవాళ్టి కార్లకు 150 హార్స్‌పవర్ ఉంటుంది, ఆపాటి ఎత్తు వాటికొక లెక్కా? ఇంకో లేన్ వేస్తే సరిపోదా?

ఇంజిన్‌కు అది నిజంగానే లెక్క కాదు. వాలు మారిన సంగతి డ్రైవరుకు తెలియదు, యాక్సిలరేటర్ మీద కాలు ఉన్నచోటే ఉండిపోతుంది. గొడవ అక్కడ మొదలవుతుంది. బరువు లారీలు మిట్ట మీద నెమ్మదించడం ఇంకో సమస్య. రెండూ ఒకే చోట కలిసి కనబడతాయి కాబట్టి ఒకటే అనుకుంటాం. వాటి మందులు వేరు కనుక విడదీసి చూడాలి.

ముందు కారు లెక్క. 1,500 కిలోల మామూలు కారు సమతలంగా ఉన్న రోడ్డు మీద గంటకు 100 కి.మీ. వేగంతో పోతోందనుకోండి. గాలి సుమారు 300 న్యూటన్లతో వెనక్కి నెడుతుంది, టైర్ల దొర్లుడు ఇంకో 150 తీసుకుంటుంది. మొత్తం 450 న్యూటన్లు, అంటే చక్రాల దగ్గర 17 హార్స్‌పవర్. అదే కారు 3 శాతం మిట్ట ఎక్కాలంటే దాని బరువులో మూడు శాతం, సుమారు 440 న్యూటన్లు అదనంగా కావాలి. అవసరం దాదాపు రెట్టింపయింది. 150 హార్స్‌పవర్ ఇంజిన్ 34 ఇవ్వలేకపోదు, కానీ అడగాల్సింది కాలు. కాలు కదలకపోతే 3 శాతం మిట్ట మీద వేగం మొదటి సెకన్లలో సెకనుకు ఒక కి.మీ. చొప్పున పడుతుంది, 2 శాతం మీద 0.7 చొప్పున. పది సెకన్లు గడిచేసరికి 2 శాతం మీదే 100 కాస్తా 93, 94 అవుతుంది. ఆ పది సెకన్లలో కారు 270 మీటర్లు వెళ్ళిపోయింది. లోపల కూర్చున్న మనిషికి ఏ కుదుపూ తెలియదు. ఇంజిన్ శబ్దం కూడా పెద్దగా మారదు.

ఉత్త మిట్ట కంటే పల్లం తర్వాత వచ్చే మిట్ట మరీ మోసం చేస్తుంది. 2 శాతం దిగుడు, దాని వెంటనే 2 శాతం ఎక్కుడు ఉన్నాయనుకోండి. దిగేటప్పుడు రోడ్డే కారును 300 న్యూటన్లతో ముందుకు తోస్తుంది కాబట్టి ఇంజిన్ ఇవ్వాల్సింది 150 మాత్రమే. కాలు బాగా తేలిపోయి ఉంటుంది. పల్లం అడుగు దాటాక అదే వేగం నిలవాలంటే 750 కావాలి. అంటే ఐదు రెట్లు. ఈ మార్పు అరకిలోమీటరులోపు జరిగిపోతుంది. మిట్ట ఎంత నిటారుగా ఉందన్న దానికంటే, వాలు ఎక్కడ ఎంత మారింది అన్నదాన్ని బట్టే జామ్ పుట్టే చోటు తేలుతుంది. 5 శాతం నిటారు మిట్ట ఎదురుగా గోడలా కనబడుతుంది, కాలు దానంతటదే నొక్కుతుంది. కనబడని 2 శాతమే ప్రమాదం.

ఎందుకు కనబడదు? రోడ్డు వేసేవాళ్ళు కుదుపు రాకూడదని, రాత్రి హెడ్‌లైట్ల వెలుగు చాలినంత దూరం పడాలని పల్లం అడుగున వాలును వందల మీటర్ల పొడవునా మెల్లగా మారుస్తారు. సౌకర్యానికీ భద్రతకూ అది మంచిదే. కానీ కంటికి ఆనవాలు మిగలదు. పైగా దిగుడులో వచ్చిన కంటికి తర్వాతి చిన్న ఎక్కుడు సమతలంలా, ఒక్కోసారి ఇంకా దిగుతున్నట్టే కనిపిస్తుంది. లడఖ్‌లో లేహ్ దగ్గరి మాగ్నెటిక్ హిల్ మీద బళ్ళు ఎదురు ఎక్కుతున్నట్టు అనిపించడానికి కారణం ఇదే: చుట్టూ ఉన్న కొండల వాలు కంటిని తప్పుదారి పట్టిస్తుంది, దిగుడు ఎక్కుడులా కనబడుతుంది. రోడ్డు పక్కన సౌండ్ గోడలుంటే, సొరంగం ఉంటే దిగంతం కూడా కనబడదు. అప్పుడు స్పీడోమీటర్ తప్ప వేరే ఆధారం ఉండదు.

ఒక కారు 94కి పడిపోతే ఏమవుతుంది? రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఏమీ కాదు. నాలుగైదు సెకన్ల ఎడం ఉన్నప్పుడు వెనకవాడు తీరిగ్గా సర్దుకుంటాడు. లేను నిండా బళ్ళున్నప్పుడు, అంటే గంటకు ఒక్కో లేనులో 2,000 దాటినప్పుడు, ఎడం ఒకటిన్నర సెకన్లకు దిగుతుంది. 100 కి.మీ. వేగంలో అది 42 మీటర్లు. ముందు కారు దగ్గరపడుతోందని కంటికి తెలిసేసరికి ఒకటి రెండు సెకన్లు పోతాయి, ఈలోగా ఎడం తగ్గిపోయి ఉంటుంది. పోయిన ఎడం మళ్ళీ రావాలంటే ముందువాడి వేగానికి దిగితే చాలదు, అంతకంటే కిందికి దిగాలి. ముందువాడు 94 అయితే వీడు 91, వీడి వెనకవాడు 87. ఎవరో ఒకరు బ్రేక్ తొక్కుతారు, ఎర్ర లైటు చూసి వెనకవాడు ఇంకొంచెం గట్టిగా తొక్కుతాడు. పదిహేను ఇరవై బళ్ళ వెనక ఒకడు 40కి వస్తాడు, ఇంకా వెనక ఒకడు పూర్తిగా ఆగుతాడు. మొదట 94కి పడిన మనిషి ఈపాటికి మిట్ట ఎక్కేసి, వెనక ఏం జరిగిందో తెలియకుండా వెళ్ళిపోయి ఉంటాడు.

ఇలా తరంగం పుట్టడానికి మిట్ట కూడా అక్కర్లేదని 2008లో జపాన్‌లో యూకీ సుగియామా బృందం చూపించింది. 230 మీటర్ల చుట్టుకొలత ఉన్న వలయంలో 22 కార్లను గంటకు 30 కి.మీ. వేగంతో ఎడం సమంగా ఉంచి నడపమన్నారు. కాసేపటికి ఒకచోట కార్లు ఆగడం మొదలైంది, ఆ ఆగిన ముద్ద గంటకు 20 కి.మీ. వేగంతో వెనక్కి జరుగుతూ పోయింది. వలయంలో మొదటి తొట్రుపాటు ఎక్కడ వస్తుందో చెప్పలేం. పల్లం ఉన్న ఫ్రీవేలో అది రోజూ ఒకేచోట, అందరి కాళ్ళ కిందా పుడుతుంది.

తరంగం వెనక్కి జరిగే ఆ వేగాన్ని గుర్తుంచుకోండి. నిజం ఫ్రీవేల మీద కూడా అది గంటకు 15 నుంచి 20 కి.మీ. మధ్యే. ఎనిమిదింటికి పల్లం దగ్గర పుట్టిన ఆగుడు ఎనిమిదిన్నరకు ఎనిమిది పది కిలోమీటర్ల వెనక ఉంటుంది. అక్కడ ఇరుక్కున్నవాళ్ళకు ఎదుట మిట్టా లేదు, పల్లమూ లేదు. "కారణమే లేని జామ్" అని చెప్పుకునేవాటిలో చాలావాటికి కారణం కిలోమీటర్ల ముందు ఉంటుంది.

ఇంకో సంగతి లేన్ల మధ్య పంపకం. ట్రాఫిక్ పెరిగేకొద్దీ తొందరలో ఉన్నవాళ్ళు ఓవర్‌టేకింగ్ లేనులోకి చేరతారు. చివరికి పక్క లేనులో చోటుండగానే ఓవర్‌టేకింగ్ లేన్ కిక్కిరిసిపోతుంది. జపాన్ పల్లాల మీద జరిపిన కొలతల్లో పదేపదే కనబడింది ఇదే: ముందు ఓవర్‌టేకింగ్ లేన్ కూలుతుంది, అంటే సాఫీగా సాగే వరస తెగి బళ్ళు ఆగుతూ లేస్తూ నడవడం మొదలవుతుంది. అందులోంచి జనం పక్క లేనులోకి దూకడంతో అక్కడా బ్రేకులు పడి అది కూడా కూలుతుంది. అంటే జామ్ మొదలయ్యే క్షణానికి రోడ్డు మొత్తంగా నిండలేదు, ఒక లేనే నిండింది.

ఇప్పుడు అసలు నష్టం. ఒకసారి కూలాక, ఆ బిందువు నుంచి బయటపడే బళ్ళ సంఖ్య కూలకముందు పోయినంత ఉండదు. 5 నుంచి 15 శాతం తగ్గుతుంది. ఆగి లేచినవాళ్ళు ముందువాడిని అంటిపెట్టుకుని వేగం అందుకోరు, మిట్ట మీద మరీ నెమ్మదిగా అందుకుంటారు, ఎడాలు పెరుగుతాయి. ఈ పది శాతం చిన్నదిగా కనబడుతుంది కాబట్టి ఒక ఊహాజనిత లెక్క వేసి చూద్దాం. రెండు లేన్ల రోడ్డు, పల్లం దగ్గర గంటకు 3,000 బళ్ళు పోగలవు. ఒక గంటసేపు 3,200 వచ్చాయి, ఆ తర్వాత 2,400కు తగ్గాయి. సామర్థ్యం తగ్గకపోతే గంటలో 200 బళ్ళు మిగులుతాయి, తర్వాత గంటకు 600 చొప్పున తీరుతాయి కనుక 20 నిమిషాల్లో రోడ్డు మామూలైపోతుంది. కానీ కూలాక 2,700 మాత్రమే పోతున్నాయనుకోండి. మిగిలేది 500, తీరేది గంటకు 300 చొప్పున. 100 నిమిషాలు పడుతుంది, తోక ఏడెనిమిది కిలోమీటర్లు సాగుతుంది. పది శాతం తేడాతో ఇరవై నిమిషాల ఇబ్బంది గంటా నలభై నిమిషాలయింది. అందుకే ఈ రంగంలో ఉన్నవాళ్ళు కూలుడును పది నిమిషాలు వాయిదా వేయడానికి కూడా అంత పాకులాడతారు.

ఈ సమస్య మీద అందరికంటే ఎక్కువ పనిచేసింది జపాన్. అక్కడి ఎక్స్‌ప్రెస్‌వేలు చాలావరకు కొండలూ లోయల మధ్య రెండు మూడు లేన్లతో పోతాయి. ఎక్స్‌ప్రెస్‌వేలు నడిపే నెక్స్‌కో కంపెనీల లెక్కలో జామ్ అంటే: గంటకు 40 కి.మీ. లేదా అంతకు తక్కువ వేగంతో, ఆగుతూ లేస్తూ ఉన్న వరస కిలోమీటరుకు పైగా, 15 నిమిషాలకు పైగా కొనసాగడం. ప్రమాదాలూ పనులూ తీసేస్తే, కేవలం రద్దీ వల్ల వచ్చే జామ్‌లలో సగానికి పైగా ఎక్కుడు దారుల్లోనూ పల్లాల్లోనూ పుడుతున్నాయని ఆ కంపెనీలే చెబుతాయి. టోల్‌గేట్ల దగ్గరి జామ్‌లు ఎలక్ట్రానిక్ వసూలు వచ్చాక దాదాపు మాయమయ్యాయి, పల్లాలు మిగిలాయి.

టోక్యో, నగోయా నగరాలను కలిపే టోమెయ్ ఎక్స్‌ప్రెస్‌వే మీద కనగావా ప్రాంతంలోని యమాటో సొరంగం దీనికి పేరుమోసిన చోటు. అది కొండను తొలిచిన సొరంగం కాదు. పక్కనే అట్సుగి విమాన స్థావరం ఉంది, విమానాలు సరిగ్గా రోడ్డు మీదుగా దిగుతాయి కనుక రక్షణ కోసం కప్పు వేశారు. దాని దగ్గర పల్లం, పల్లం తర్వాత ఎక్కుడు, ఆ మధ్యలో చీకటి నోరు. సొరంగంలోకి వెళ్ళే ముందు జనం అప్రయత్నంగా కాలు తీస్తారు, సరిగ్గా కాలు నొక్కాల్సిన చోట. అక్కడ చేసిన పనులు చూడండి. ముందు బోర్డులు: "ఇక్కడ ఎక్కుడు, వేగం తగ్గకుండా చూసుకోండి" అని. జామ్ తల (ముందు కొస) దాటే చోట "వేగం అందుకోండి" అని ఎలక్ట్రానిక్ బోర్డు. చివరికి 2021లో రెండు దిక్కులా కొన్ని కిలోమీటర్ల మేర అదనపు లేన్ తెరిచారు. ఇక్కడ గమనించాల్సిందేమంటే రోడ్డు పొడవునా వెడల్పు చేయలేదు, పల్లం ముందు మొదలై మిట్ట దాటాక ముగిసేలా కొద్ది ముక్కే వేశారు. కాబట్టి "ఇంకో లేన్ వేస్తే పోదా" అన్న ప్రశ్నకు జవాబు: పోతుంది, సరైన చోట వేస్తే. రోడ్డు మొత్తానికి అక్కర్లేదు.

లేన్ కంటే చవకైన ఉపాయం దీపాలది. జపాన్‌లో పల్లాల దగ్గర, సొరంగాల్లో రోడ్డు పక్కన వరసగా ఎల్ఈడీ దీపాలు పెట్టి, అవి ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతూ ముందుకు పరుగెత్తేలా నడుపుతారు. వెలుగు ముందుకు పోతుంటే, కారు వెనకబడుతున్నట్టు పక్కచూపుకు అనిపిస్తుంది, కాలు తెలియకుండానే నొక్కుతుంది. బోర్డు చదివి ఆలోచించి కాలు నొక్కడం కన్నా ఇది పనిచేసే తీరే నాకు ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే కంటి పొరపాటును కంటితోనే సరిచేస్తుంది.

దీనికి పూర్వగాథ న్యూయార్క్‌లో ఉంది. హడ్సన్ నది కింది హాలండ్ సొరంగంలో రోడ్డు నది అడుగుకు దిగి మళ్ళీ పైకెక్కుతుంది, అంటే స్వభావరీత్యానే పల్లం. ఆ సొరంగాన్ని నడిపే సంస్థ పోర్ట్ అథారిటీలో పనిచేసిన లెస్లీ ఈడీ, రాబర్ట్ ఫుట్ 1950ల చివర్లో అక్కడ ఎక్కుడు మొదలయ్యే చోటే అడ్డంకి అని తేల్చారు. బళ్ళను ఇష్టమొచ్చినట్టు లోపలికి వదలకుండా, రెండు నిమిషాలకు 44 మించకుండా వదిలి మధ్యలో ఖాళీ ఉంచితే, గంటకు బయటికి వచ్చే బళ్ళు పెరిగాయి. తక్కువ వదిలితే ఎక్కువ వచ్చాయి. ఆ ఖాళీలు తరంగాన్ని మింగేశాయి. ఇవాళ ఫ్రీవేలోకి ఎక్కించే ర్యాంపుల మీద పచ్చ లైటుకు ఒక్క కారును వదిలే మీటర్లు చేసేది కూడా అదే పని.

ర్యాంపు మాట వచ్చింది కనుక: మిట్ట మొదట్లో ర్యాంపు కలిపితే రెండు దెబ్బలు ఒకేచోట పడతాయి. లోపలికి వచ్చే కారు ఎక్కుడులో వేగం అందుకోవాలి. అందుకే 3, 4 శాతం ఎక్కుడులో యాక్సిలరేషన్ లేన్ సమతలంలో కన్నా మూడో వంతు నుంచి సగం దాకా ఎక్కువ పొడవు ఉండాలని అమెరికన్ డిజైన్ పుస్తకాలు చెబుతాయి. పాత ఫ్రీవేలలో చాలాచోట్ల అంత చోటు లేదు. కాలిఫోర్నియా బే ఏరియాలోని తెలుగువాళ్ళకు బాగా పరిచయమున్న 680 ఫ్రీవే మీది సునోల్ గ్రేడ్ అనే ఎక్కుడు తీసుకోండి. సాయంత్రం ఉత్తరం వైపు, సిలికాన్ వ్యాలీ నుంచి ప్లెజంటన్, డబ్లిన్, శాన్ రమోన్ ఇళ్ళకు వెళ్ళే రద్దీ, ఫ్రీమాంట్ ర్యాంపుల నుంచి కలిసే బళ్ళు, పొడుగాటి ఎక్కుడు, అందులో లారీలు. అక్కడ ఏదో ఒక్కటే కారణమని చెప్పడం కుదరదు.

ఇక లారీలు. వీటి విషయంలో కాలు కాదు, బలమే చాలదు. అమెరికాలో నిండు బరువు ట్రైలర్ 36 టన్నులు, 400 హార్స్‌పవర్ ఇంజిన్. 3 శాతం మిట్ట మీద అది గంటకు 65, 70 కి.మీ. దగ్గర నిలుస్తుంది, 6 శాతం మీద 40కి పడిపోతుంది. మన దగ్గర 40 టన్నుల బరువుకు 200 హార్స్‌పవర్ ఉన్న బండి 5 శాతం మీద 20కి వస్తుంది. మిట్ట పొడవు కూడా చూడాలి. రెండు మూడు వందల మీటర్ల ఫ్లైఓవర్ ర్యాంపును లారీ వచ్చిన ఊపుతో ఎక్కేస్తుంది. కిలోమీటరు దాటితే ఊపు అయిపోయి, బలం ఎంతుంటే అంత వేగమే మిగులుతుంది.

అందుకే సామర్థ్యం లెక్కల్లో మిట్ట మీది లారీని ఎక్కువ కార్లతో సమానంగా కడతారు. అమెరికా హైవే కెపాసిటీ మాన్యువల్ 2000 ఎడిషన్ ప్రకారం ఫ్రీవే మీద ఒక లారీ సమతలంలో ఒకటిన్నర కారు, మిట్టపల్లాల నేలలో రెండున్నర, కొండదారిలో నాలుగున్నర. నూటికి పది లారీలుంటే, గంటకు 2,400 కార్లు పోగల లేన్ సమతలంలో 2,290 బళ్ళకు దిగుతుంది, కొండదారిలో 1,780కి.

లారీ లారీని దాటబోవడం దీన్ని మరీ పాడుచేస్తుంది. ఒకటి 37, ఇంకోటి 40 వేగంతో ఎక్కుతున్నాయి. తేడా గంటకు 3 కి.మీ., సెకనుకు 83 సెంటీమీటర్లు. రెండు బళ్ళ పొడవూ ముందువెనకల ఎడమూ కలిపి 75 మీటర్లు జరగాలి. అందుకు 90 సెకన్లు, కిలోమీటరు దారి. ఆ ఒకటిన్నర నిమిషం పక్క లేన్ కూడా 40 మీదే నడుస్తుంది, గంటకు వెయ్యి కార్లు వస్తున్న లేన్ అయితే 25 కార్లు వెనక చేరతాయి. ముంబై–పుణె ఎక్స్‌ప్రెస్‌వే ఖండాలా ఘాట్‌లో సెలవు రోజుల్లో గంటలకొద్దీ బళ్ళు నిలవడానికి, లేన్ క్రమం పాటించకుండా మూడు లేన్లలోనూ ఎక్కే లారీలు పెద్ద కారణం.

మందు క్లైంబింగ్ లేన్, అంటే నెమ్మది బళ్ళకు ఎక్కుడులో అదనపు లేన్. రెండు లేన్ల హైవేల మీద అమెరికాలో పాటించే కొలబద్ద ఇలా ఉంటుంది: ఎక్కే దిక్కున గంటకు 200 బళ్ళకు పైగా, వాటిలో 20కి పైగా లారీలు ఉండాలి, దానికి తోడు బరువు లారీ వేగం 15 కి.మీ. లేదా ఎక్కువ పడిపోవాలి, లేదా సేవా స్థాయి (ట్రాఫిక్ ఎంత సాఫీగా సాగుతోందో చెప్పే గ్రేడు) బాగా దిగజారాలి. ఆ 15 కి.మీ. ఊరికే పెట్టలేదు. తేడా అంతకు మించితే వెనకనుంచి గుద్దుకునే ప్రమాదాలు చప్పున పెరుగుతాయి. బే ఏరియాలోనే 580 ఫ్రీవే మీద లివర్‌మోర్ నుంచి ఆల్టమాంట్ కనుమ ఎక్కే వైపు ఇలాంటి లేన్ వేశారు. వేసేటప్పుడు ఎక్కువగా జరిగే తప్పు ముగింపులో: శిఖరం రాగానే లేన్ ఆపేస్తారు. శిఖరం దగ్గర లారీ అన్నిటికంటే నెమ్మదిగా ఉంటుంది, అవతలి వైపు కనబడదు, సరిగ్గా అక్కడ కార్ల మధ్యకు దూరాలి. శిఖరం దాటి, దిగుడులో లారీ వేగం తిరిగి కార్ల వేగానికి దగ్గరయ్యేదాకా లేన్ సాగాలి. డబ్బు చాలకపోతే మొదట్లో కోయండి, చివర్లో కోయకండి.

దిగుడులో జామ్ కంటే ప్రమాదమే పెద్ద మాట. చిత్తూరు జిల్లా మొగిలి ఘాట్ లాంటి చోట్ల లారీ డ్రైవర్లు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దింపుతారు. డీజిల్ మిగలదు, గేరులో ఉంటే ఆధునిక ఇంజిన్ దిగుడులో ఇంధనం ఆపేస్తుంది. న్యూట్రల్‌లో ఐడిల్‌కు తాగుతూనే ఉంటుంది. పైగా బరువంతా బ్రేక్ డ్రమ్ముల మీద పడి, అవి కాగి పట్టు వదిలేస్తాయి. దిగుడు మొదలవక ముందే చిన్న గేరు వేసుకోవాలి. బ్రేకును అదేపనిగా ఆనించి ఉంచకూడదు: దిగాల్సిన వేగం 40 అయితే, 40 చేరగానే గట్టిగా నొక్కి మూడు సెకన్లలో 32కు తెచ్చి వదిలేయాలి, మళ్ళీ 40 అయ్యాక మళ్ళీ అలాగే. తిరుమలలో ఎక్కే దారీ దిగే దారీ వేరు చేసి, దిగడానికి 40 నిమిషాలు, ఎక్కడానికి 28 నిమిషాల కంటే ముందు చేరకూడదని నియమం పెట్టడం సగటు వేగాన్ని అదుపు చేసే మంచి పద్ధతి. ఒకచోట కెమెరా పెడితే అక్కడే నెమ్మదిస్తారు, సమయం కొలిస్తే దారంతా నెమ్మదిస్తారు.

కారు నడిపేవాళ్ళు పల్లాల దగ్గర చేయగలిగింది తక్కువేమీ కాదు. రోజూ పోయే దారిలో ఏ పల్లం దగ్గర జామ్ మొదలవుతుందో గుర్తుపెట్టుకోండి. పల్లం అడుగుకు వంద మీటర్ల ముందు స్పీడోమీటర్ చూసి, ఆ అంకె కాపాడటానికి కాలు మెల్లగా నొక్కుతూ పోండి. మాన్యువల్ గేరు అయితే వేగం పడ్డాక కాక, పడకముందే ఒక గేరు దించండి. చిన్న ఇంజిన్, నిండా జనం, ఏసీ ఉన్నప్పుడు ఇది మరీ ముఖ్యం. రద్దీ పెరిగే వేళ ఓవర్‌టేకింగ్ లేనులోకి మారకండి, పక్క లేనే తర్వాత కూలుతుంది. రెండు సెకన్ల ఎడం ఉంచండి. ఎవరో దూరతారని భయపడి ఎడం మూసేస్తే, దూరకుండానే బ్రేక్ తొక్కాల్సి వస్తుంది. జామ్ తల దాటాక వెంటనే వేగం అందుకోండి. అక్కడ తీరిగ్గా లేచే ప్రతి బండీ పైన చెప్పిన 2,700ను ఇంకా తగ్గిస్తుంది.

మామూలు క్రూయిజ్ కంట్రోల్ పల్లంలో మనకంటే మేలు, అది వాలును చూడదు, వేగాన్నే చూస్తుంది. ముందు కారును చూసి సర్దుకునే అడాప్టివ్ క్రూయిజ్ అలా కాదు. అమెరికాలో 2018 మోడల్ కార్లు ఏడింటిని పరీక్షిస్తే, ఏడూ ముందు కారు తొట్రుపాటును తగ్గించకుండా వెనక్కి పెంచి పంపుతున్నాయని తేలింది. అది వాడేటప్పుడు ఎడం సెట్టింగు మరీ దగ్గరది పెట్టకండి. ఎలక్ట్రిక్ కార్లలో పెడల్ వదలగానే రీజెనరేషన్ (మోటారే బ్రేకులా పనిచేసి బ్యాటరీని నింపడం) గట్టిగా లాగుతుంది. యూరప్ నియమాల ప్రకారం వేగం తగ్గుదల ప్రతి సెకనుకూ సెకనుకు 1.3 మీటర్లు దాటితే బ్రేక్ లైటు వెలిగి తీరాలి, 0.7కు లోపైతే వెలగకూడదు. ఒంటి పెడల్‌తో నడిపేవాళ్ళు కాలు పూర్తిగా తీయకుండా కొంచెం ఆనించి ఉంచితే, అవసరం లేని ఎర్ర లైటు వెనకవాడి కంట్లో పడదు.

మన రోడ్లకు ఇదంతా ఎంతవరకు వర్తిస్తుంది? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మైదానాల్లో 3.3 శాతం, కొండల్లో 5 శాతం దాకా మామూలుగా అనుమతిస్తుంది, కాబట్టి 2, 3 శాతం వాలు మన హైవేల మీద అడుగడుగునా ఉంటుంది. నగరాల్లో మాత్రం కూడళ్ళూ బస్సులూ అడ్డదిడ్డంగా దూరే బళ్ళే ముందు ఆపుతాయి, పల్లం దాకా విషయం రాదు. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు లాంటి 158 కి.మీ. ఎనిమిది లేన్ల రోడ్డు సంగతి వేరు. కూడళ్ళు లేవు, వేగం ఎక్కువ, నేల మిట్టపల్లాలది. ట్రాఫిక్ లేనుకు గంటకు 1,800, 2,000 దగ్గరకు వచ్చిననాడు మొదట నిలిచేది ఇంటర్‌ఛేంజ్‌ల దగ్గర, ఆ తర్వాత పల్లాల దగ్గరే. ఇప్పుడే చేయదగ్గ పని ఒకటుంది: జీపీఎస్ వేగాల రికార్డు తీసి, రద్దీ వేళ సగటు వేగం మొదట ఎక్కడ పడుతోందో కిలోమీటరు రాళ్ళవారీగా గుర్తించి, ఆ గుర్తులను రోడ్డు ఎత్తుపల్లాలు చూపే నిలువు కోత డ్రాయింగు పక్కన పెట్టి చూడటం. పడుతున్న చోటు పల్లం అడుగు దాటిన మూడు నాలుగు వందల మీటర్లలో ఉంటే, లేన్ల అంచనాలు వేయించే ముందు అక్కడ ఒక వేగం బోర్డు, వంద మీటర్ల దీపాల వరస పెట్టి కొలిచి చూడవచ్చు.